అమ్మకు అన్నీ గుర్తున్నాయి

మా అక్క కూతురికి ఐదేళ్లు నిండినా మాటలు సరిగా రాలేదు. తిరుపతిలో ఒక పిల్లల క్లినిక్ మేడ మీదికి నెలకు రెండు శనివారాలు మద్రాసు నుంచి ఒక మానసిక నిపుణురాలు వస్తుందని ఎవరో చెప్పారు. బావకు సెలవు దొరకలేదు. అక్కకు ఒక్కతే పోవాలంటే భయం. చిత్తూరులో ఒక ప్రైవేటు డెయిరీలో పాలలో వెన్న ఎంతుందో పరీక్ష చేసే పనిలో ఉన్న నన్ను తోడు రమ్మంది. అప్పటికి నాకు ముప్పయ్యొకటో ఏడు నడుస్తోంది. ప్యాసింజరు రైలు చిత్తూరులో నేనెక్కాను, పాకాలలో అక్కా పాపా ఎక్కారు.

ఆ నిపుణురాలికి యాభై దాటి ఉంటాయి. నూలు చీర, నెరిసిన జుట్టు, ఎక్కడా తొందర లేదు. పాపను బల్ల కింద కూర్చోనిచ్చి, అక్కను ప్రశ్నలు అడగసాగింది. అక్క ప్రతిదానికీ నావైపు చూసేది. నేనే జవాబులు చెప్పసాగాను.

"మిక్సీ వేస్తే పాప భయపడుతుందా?" అని అడిగింది.

"భయం కాదండీ, నొప్పి," అన్నాను.

ఆమె రాయడం ఆపింది. "నొప్పి అని మీకెలా తెలుసు?"

అందరికీ నొప్పే అని, మిగతావాళ్లు నాకంటే బాగా ఓర్చుకుంటారని అన్నాళ్లూ అనుకున్నాను. లేచి వస్తుంటే ఆమె మెల్లగా అంది: "మీకు ఇష్టమైతేనే. మీ కోసం కూడా ఒకసారి రండి."

"నాకేం తిక్క లేదు," అన్నాను. గొంతు పెద్దదైపోయింది. అక్క సిగ్గుతో తల దించుకుంది.

ఆ మాట నా నోట ఎందుకు వచ్చిందో చెప్పాలి. పాకాల దగ్గర మా ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. తిక్కలది అనేవాళ్లు. బడిలో లెక్కలు నోటితోనే చేసేదాన్ని, కానీ పలకా పుస్తకం పెన్సిలూ వారానికొకటి పోగొట్టేదాన్ని. చుట్టాలు వస్తే పలకరించేదాన్ని కాదు. పలకరిస్తే అడక్కూడనిది అడిగేదాన్ని. ఇంటర్మీడియట్ రెండో ఏడు ఒక రోజు కాలేజీ గోడకు తల కొట్టుకుంటే, నాయన తిరుపతికి తీసుకొచ్చి ఒక డాక్టరుకు చూపించాడు. ఆ డాక్టరు నన్ను ఒక్క మాట అడగలేదు. నిద్రమాత్రలు రాసి, నాయనతో, "పెళ్లి చేయండి, సర్దుకుంటుంది," అన్నాడు. పెళ్లి చేశారు. పదకొండు నెలలు కాపురం. పిల్ల మొహం చూసి మాట్లాడదు, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతుంది అని అత్తగారు నన్ను తీసుకొచ్చి మా ఇంట్లో దింపి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. ఆ రోజు నాయన నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఆ తరవాత ఆయన బతికినన్నాళ్లూ నాతో పని చెప్పడమే తప్ప మాట్లాడింది లేదు.

మూడు నెలలు తటపటాయించి, ఎవరికీ చెప్పకుండా నేనొక్కదాన్నే మళ్లీ ఆ మేడ ఎక్కాను.

నేను నోరు తెరవకముందే ఆమె అడిగింది: "ట్యూబులైటు తీసేయమంటారా? మీరు దాన్ని చూసి కళ్లు చిట్లిస్తున్నారు." తీసేసింది. కిటికీ వెలుతురు చాలింది. "నా కళ్లల్లోకి చూడాలని ఏమీ లేదు. కూర్చోవాలనీ లేదు. నడుస్తూ చెప్పినా నేను వింటాను," అంది.

నడిచాను. ఆ గది ఈ గోడ నుంచి ఆ గోడకు ఏడు అడుగులు. అలా మూడు శనివారాలు నడిచాను. నాకేమి చేతకాదో ఆమె అడగలేదు. ఏ పనిలో ఉంటే అన్నం కూడా గుర్తుకు రాదు, ఏ చోట ఉంటే ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, మనుషుల మధ్య నుంచి ఇంటికొచ్చాక ఎంతసేపు పడుకోవాల్సి వస్తుంది, ఇలాంటివి అడిగింది. నాకు ముప్పయ్యొక్కేళ్లు వచ్చేదాకా ఈ ప్రశ్నలు ఎవరూ అడగలేదు. రెండో శనివారం జవాబు చెప్పలేక ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. నీళ్లు పెట్టి బయటికి వెళ్లి, కాసేపటికి తలుపు తట్టి లోపలికి వచ్చింది.

చివరికి, "మీ చిన్నతనం చూసినవాళ్లు ఒకరు రావాలి. అమ్మ వస్తారా?" అని అడిగింది.

అమ్మ రాదనుకున్నాను. వస్తే, అన్నీ దాచిపెడుతుందనుకున్నాను. అమ్మ వచ్చింది. పట్టుచీర కట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుంది.

"చిన్నప్పుడు ఈమె ఎలా ఉండేవారమ్మా?" అని అడగగానే అమ్మ మొదలుపెట్టింది. గంటన్నర మాట్లాడింది.

"తలకు సమురు పెట్టి జడేస్తే అరిసేది తల్లీ. గౌను మెడకాడ గుడ్డముక్క ఉంటాదే, అది తగిలితే రక్తం వచ్చేదాకా గీరుకొనేది. బీరకాయ కూర నోట్లో పెడితే కక్కేస్తాది. పెరుగన్నం ఒకటే, దినామూ అదే తట్టలో. తట్ట మారిస్తే తినదు. సంతోషమొస్తే చేతులు రెండూ ఇట్ల ఇట్ల ఆడించేది, సూడు, ఇట్ల." అమ్మ చేతులు పైకెత్తి ఆడించి చూపించింది. నేనెలా ఆడించేదాన్నో అచ్చం అలాగే. "మా తమ్ముడి పెండ్లిలో మేళం మొదలైతానే కనపడకుండా పోయినాది. యాడ యాడనో ఎతికినాం. గొడ్లపాకలో గడ్డి కింద దూరి చెవులు మూసుకొనుండాది. వాళ్ల నాయన జుట్టు పట్టుకొని ఈడ్చుకొచ్చి పందిట్లో అందరి ముందరా కొట్టినాడు. నేనూ కొట్టినాను. అరచేతుల మింద వాత కూడా పెట్టినా ఒకసారి, ఆ ఆడించేది మానుతాదని."

నేను నడవడం ఎప్పుడు ఆపానో నాకు తెలీదు. అమ్మ ఏమీ గమనించలేదని ఇన్నేళ్లూ నమ్మాను. ఆ నమ్మకం మీదే ఆమెతో ఇంట్లో తిరగగలిగాను. చూడలేదు కాబట్టి కొట్టింది, తెలిస్తే కొట్టి ఉండదు అనుకునేదాన్ని. అమ్మ అన్నీ చూసింది. ఏ కూరకు కక్కేదాన్నో, ఏ కంచంలో తినేదాన్నో, అన్నీ గుర్తున్నాయి.

"ఇంత తెలిసీ ఎందుకు కొట్టినావు మా?" అన్నాను.

అమ్మ నావైపు అమాయకంగా చూసింది. "కొడితే మారతావనుకున్నా," అంది.

ఆ తరవాత నిపుణురాలు మా ఇద్దరికీ చెప్పింది. నాకు ఆటిజం ఉంది, దానితో పాటు ధ్యాసను ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ కూడా. "రెండూ కలిపి ఒకరికి రాయకూడదని మా పుస్తకాల్లో ఉంది. కానీ నా ముందున్న మనిషిలో రెండూ కనిపిస్తుంటే పుస్తకం కోసం ఒకటి కొట్టేయలేను," అంది. "ఇది జబ్బు కాదమ్మా. మీ అమ్మాయి మెదడు నడిచే తీరు ఇది. ఆమె చెడిపోయిన మనిషి కాదు, బాగుచేయాల్సిన పని లేదు. ఆమె చుట్టూ ఉన్నవి కొన్ని మార్చుకోవాలి, అంతే."

అమ్మ అంతా విని, "అయితే మందేమీ లేదా?" అని అడిగింది.

నిపుణురాలు రాసిచ్చిన నివేదిక కాగితాల్లో లోపం అన్న మాట ఎక్కడా లేదు. రైలు పెట్టెలో కూర్చుని రెండుసార్లు చదివాను. ఏ వివరాన్నీ దాటవేయదు, తప్పు దొరికేదాకా వదలదు, అబద్ధం చెప్పడం చేతకాదు అని నా గురించి రాసి ఉంది. సంతోషం కలగాలి కదా. కలిగింది కూడా, చంద్రగిరి దాకా. ఆ తరవాత లెక్క మొదలైంది. ఆ కాలేజీ గోడ దగ్గర పదిహేడేళ్ల వయసులో ఈ కాగితం నా చేతిలో ఉంటే ఏమయ్యేది, ఆ పెళ్లి జరిగేదా, నాయన నాతో మాట్లాడకుండానే చనిపోయేవాడా అని. పాకాల వచ్చేసరికి నాకు ఆ కాగితాలు చించి కిటికీలోంచి పారేయాలనిపించింది. పక్కన అమ్మ నిద్రపోతోంది.

పారేయలేదు. అదే పెద్ద తప్పయింది. డెయిరీలో పాల క్యాన్లు దించే చోటికి పక్కనే మా పరీక్షల బల్ల. అల్యూమినియం క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే నాకు పళ్లలో నొప్పి పుట్టేది. లోపలి గదిలో బల్ల వేయిస్తే నా పని ఇంకా బాగా జరుగుతుందని, పనులు నోటితో కాక కాగితం మీద రాసిస్తే మరిచిపోనని ఆమె ఆ నివేదికలో రాసింది. ధైర్యం చేసి మేనేజరుకు ఇచ్చాను. అప్పటికి నేను అక్కడ ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. నా పరీక్ష తప్పని ఒక్క రైతూ గొడవపెట్టుకోలేదు.

ఆయన చదివాడు. సాయంత్రానికి డ్రైవర్లు కూడా చదివారు.

"మనకు తెలిసిందేలేప్పా. ఇప్పుడు ముద్ర కూడా ఏయించుకొచ్చినాది," అని మేనేజరు అంటుంటే నవ్వులు వినిపించాయి. మర్నాడు నన్ను పిలిచి, చాలా మర్యాదగా చెప్పాడు: "వెన్న పరీక్షంటే యాసిడ్ సీసాలతో పని కదమ్మా. నీకేమన్నా అయితే నాకు మాటొస్తాది. కొన్నాళ్లు గేటుకాడ క్యాన్లు లెక్కరాయి." క్యాన్ల చప్పుడు పడదని రాసిచ్చిన మనిషిని తీసుకెళ్లి క్యాన్ల మధ్యన కూర్చోబెట్టాడు. చెవుల్లో దూది పెట్టుకుని యాభై రోజులు చేశాను. యాభై ఒకటో రోజు గేటు పక్కనే వాంతి చేసుకుని, ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు.

ఆ మేడ మీది గదికి వెళ్లి ఆమె మీద అరిచాను. "మీరు బాగానే రాస్తారు. చదివేవాళ్లు ఎవరో మీకు తెలుసా?" అన్నాను. ఆమె తనను సమర్థించుకోలేదు. "ఎవరికి చూపించాలో, ఎవరికి చూపించకూడదో నేను ముందే మీతో మాట్లాడి ఉండాలి. అది నా పొరపాటు," అంది. నా జీవితంలో నాకు క్షమాపణ చెప్పిన మొదటి మనిషి ఆమే. చెప్పాల్సినవాళ్లలో ఆమె వంతు అందరికంటే ఆఖర్న రావాలి.

ఇప్పుడు తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. వెనక గది, మనుషులు రారు. యజమానికి నా కాగితాల సంగతి తెలీదు. ఆ గదిలో కిటికీ లేదని మిగతావాళ్లు వద్దంటే నాకిచ్చాడు.

పోయిన వేసవిలో పాకాల దగ్గర మా ఊరికి వెళ్లాను. అక్క కూతురికి అప్పటికి ఎనిమిదేళ్లు. కొన్ని మాటలు వచ్చాయి, మా అమ్మ దగ్గరే ఎక్కువ ఉంటోంది. నేను చెప్పులు విడుస్తుంటే లోపల నుంచి అమ్మ గొంతు వినిపించింది. పక్కింటావిడ ఎవరో పాపను పలకరించి, జవాబు రాక ఏదో అన్నట్టుంది.

"బిడ్డను ఏమీ అనొద్దు మే. దానికి మొగం సూసి మాట్లాడాలంటే కష్టం. అది అట్లే. తనకు బుద్ధి పుట్టినప్పుడు మాట్లాడతాది, నువ్వు గమ్మునుండు."

వాకిట్లోనే నిలబడిపోయాను. పాప కోసం నేను సంతోషపడ్డానని రాస్తే బాగుంటుంది. నాకు కలిగింది అసూయ. ఎనిమిదేళ్ల పిల్ల మీద, పళ్లు కొరుక్కునేంత అసూయ.

పక్కింటావిడ వెళ్లాక అడిగాను. "నా గురించి ఎప్పుడన్నా ఎవురికన్నా అట్ల చెప్పినావా మా?"

అమ్మ చెరుగుతున్న చేట కింద పెట్టింది. దాటవేయలేదు.

"లేదు," అంది. "అప్పుడు నాకు చెప్పేవాళ్లు ఎవురుండిరి?"

ఆ మాట నిజం. నిజం కాబట్టి కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. అన్నం తిని పొమ్మంది అమ్మ. ఆకలి లేదన్నాను. పాప గుమ్మం దగ్గర నేల మీద పడుకుని, చింతగింజలు వరసగా పేరుస్తోంది. ఆ వరస చెదరకుండా దాటుకుని, మూడున్నర బస్సుకు తిరుపతి వచ్చేశాను.