సామేలు డబ్బా చప్పుడు

అటవీ శాఖల రేంజ్ ఆఫీసర్‌గా నా ఆఖరి పోస్టింగ్ రిటైర్మెంట్‌కు మూడేండ్ల ముందు, దసరా పోయిన వారానికి వచ్చింది. నిజామాబాద్‌ల ఆర్డర్ తీసుకుని, బోధన్ రోడ్డు దిక్కు ఉన్న రేంజ్ ఆఫీసుకు పోయి చార్జి తీసుకున్న. మా శాఖల చార్జి అంటే ఉత్త కుర్చీ కాదు. తుపాకులు, వైర్‌లెస్ సెట్లు, పట్టుబడ్డ కట్టె, మ్యాపులు, బీరువా తాళాలు, అన్నీ కండ్లతో చూసి సంతకం పెట్టాలె. ఆ జాబితాల ఆఖరి వరుస "జింకల వనం, ఒకటి" అని ఉండె. బీరువాల కింద ఒక అడవిని రాసిండ్రని నవ్వుకుంట సంతకం పెట్టిన.

జనం జింకలు అంటరు గని లోపల ఉన్నవి చుక్కల దుప్పులు. నాకన్నా చాలా ముందు, టౌనోళ్లు పిల్లల్ని తీసుకొచ్చి చూస్తరని ఒక అడవి ముక్క చుట్టూ జాలి కంచె కట్టి, కొన్ని దుప్పుల్ని తెచ్చి ఇడిసిండ్రు. కంచె లోపలికి చిరుత రాదు, కుక్క రాదు. దుప్పి బయటికి పోదు. ఏటేటా పిల్లలు పెడుతనే ఉన్నయి. నేను వచ్చేనాటికి ఎటు చూసినా దుప్పే. చూడొచ్చినోళ్లకు పండుగే. నాకైతే మొదటి రోజే ఇది మంచిది కాదనిపించింది.

ఎందుకో చెప్త. అడవిల పనిచేసేటోడు చెట్టు చూడడు, చెట్టు కింద నేల చూస్తడు. అక్కడ మద్ది ఉంది, తునికి ఉంది, ఇప్ప ఉంది, అన్నీ ముదురు చెట్లే. వాటి కింద వేలెడు మొలక లేదు. దుప్పి వెనక కాళ్ల మీద లేచి నిలబడితే మూతికి ఎంతవరకు అందుతదో అంతవరకు ఒక్క ఆకు లేదు. దూరంకెళ్లి చూస్తే కత్తెర పెట్టి కత్తిరించినట్టు అన్ని చెట్లకు ఒకటే గీత. మేము దాన్ని మేత గీత అంటం. మగ దుప్పులు కొమ్ములు రాకి రాకి లేత మద్దుల బెరడు లేవగొట్టినయి. కింద మిగిలింది అవి ముట్టని పులికంప, వయ్యారిభామ అసొంటి పిచ్చి చెట్లే. ముదురు చెట్టు పడిపోతే దాని జాగల నిలబడేందుకు పిల్ల చెట్టు లేదు. కంచె చేను మేసిందని సామెత చెప్తరు గదా, మేము కంచె కట్టి మరీ అడవిని మేపినం.

నోటి మాట పైన ఎవ్వరూ వినరు కాబట్టి రెండు చిన్న మడులు కొలిపించిన. ఒకదానికి లోపల ఇంకో జాలి కట్టి దుప్పి రాకుండ చేసినం, ఇంకోదాన్ని అట్లనే ఇడిసినం. ఒక వానకాలం గడిచినంక జాలి లోపలి మడిల తునికి మోకాలెత్తు లేచింది, ఇప్ప మొలకలు కనబడ్డయి. బయటి మడిల పెంట తప్ప ఏం లేదు. ఫోటోలు తీసి డివిజనల్ ఆఫీసర్‌కు పంపిన. మంద సగమన్న తగ్గకపోతే ఇరవై ఏండ్లకు ఇక్కడ చెట్లుండయని రాసిన.

తగ్గించుడు అన్నంత అల్క కాదు. బయటి దేశాలల్ల మంద మించిపోతే ఏటా ఇన్ని అని తుపాకితో కాలుస్తరని మాకు ట్రైనింగ్‌ల చెప్పిండ్రు. మన దగ్గర పంట నాశనం చేసే అడవిపందికైతే కాల్చే పర్మిషన్ దొరుకుతది గని దుప్పికి దొరకదు. మిగిలిన తొవ్వ ఒక్కటే, పట్టి పెద్దపులుల అడవిల ఇడుసుడు. కాగితాలల్ల దీన్ని "ఆహార జంతువుల పెంపు" అంటరు. పులికి కూడు పెట్టుడు అన్న మాటే, మర్యాదగ రాస్తరు.

సగం మందకు పర్మిషన్ వచ్చింది. ఒక షరతు పెట్టిండ్రు. పట్టేటప్పుడు నాలుగుకన్న ఎక్కువ చస్తే అక్కడికక్కడ పని ఆపాలె. ఆగిందంటే మళ్లా పర్మిషన్ నా సర్వీసుల రాదని నాకు తెలుసు. ఆ అడవి ఉండుడు పోవుడు అంతా ఆ ఒక్క పట్టుడు మీదనే ఉన్నది.

పట్టేదాన్ని బోమా అంటరు. ఆకుపచ్చ గుడ్డతో ఎత్తుగ రెండు గోడలు, గరాటు లెక్క. మొదలు వెడల్పు, పోంగ పోంగ ఇరుకు, కొసకు లారీ. లోపల మేత పెట్టి కొన్ని వారాలు అలవాటు చేయాలె. మంద తనంతట తాను లోపలికి పోయిననాడు వెనక పరదా గుంజాలె. గుడ్డను దుప్పి గోడే అనుకుంటది, దుంకదు. అన్నిటికన్న పెద్ద నియమం ఒకటున్నది. గోడ దగ్గర మనిషి కనబడొద్దు, మనిషి గొంతు వినబడొద్దు.

రెండు వారాలు చూసినం. ఒక్కటి గుడ్డ దాపుకు రాలే. చెరుకు రైతులు పుణ్యానికి వేసిపోయిన చెరుకు కొసలు బోమాల ఎండిపోయినయి. అప్పుడు నాకు సామేలు యాదికొచ్చిండు.

సామేలు ఆ వనంల రోజుకూలి వాచర్. నా ఈడోడే. దగ్గరి ఊరోడు, మెథడిస్టు కుటుంబం, ఆదివారం చర్చిల కీర్తనలకు డోలక్ కొట్టేటోడు. రోజూ పగటీలి మేత తెచ్చి, పాత నూనె డబ్బా మీద కట్టెతో కొట్టి "దా బిడ్డా, దా" అంటే మందంతా మేకల లెక్క ఉరికొచ్చేది. జబ్బు చేసిన దుప్పి కూడ ఆయన చప్పుడుకు లేచేది. డబ్బా తీసుకుని బోమా గోడ బయట నిలబడి పిలువుమన్న. నియమం నాకు తెల్వక కాదు. మూడో రోజుకు మంద మొత్తం లోపల ఉన్నది. శెభాష్ సామేలూ అని వీపు తట్టిన. ఆయన నవ్వలే.

లారీలు ఇంకో డివిజన్‌వి, ఆదివారమే ఖాళీ అన్నరు. శనివారం సామేలు ఆఫీసుకొచ్చి, రేపు చర్చి ఉన్నది, సెలవు కావాలె అన్నడు. వచ్చే వారం పోతవు తియ్యి అన్న. తువ్వాల చేతుల నలుపుకుంట మెల్లగ అన్నడు.

"సారూ, నన్ను ఇడిసిపెట్టుర్రి. నా సప్పుడుకే వస్తున్నయి గవి. నా కండ్ల ముంగట వద్దు."

ఇది డ్యూటీ, మేకల కాపు కాదు అని కసిరిన. ఆ మాట ఇప్పటికీ నోట్ల చేదుగనే ఉన్నది.

తెల్లారంగ మొదలుపెట్టినం. డబ్బా మోగింది, మంద వచ్చింది, పరదా గుంజినం. వెనకకెళ్లి మనుషులు ఇంకో పరదా పట్టుకుని మెల్లగ తోల్కొచ్చిండ్రు. మొదటి లారీ మంచిగ నిండింది, తలుపేసినం. రెండో లారీకి తోలేటప్పుడు ఒక పిల్ల దుప్పి కాలు జారి అరిచింది. మందంతా గిర్రున తిరిగింది. ఇసొంటప్పుడు అందరూ ఊపిరి బిగబట్టి ఉండాలె. అవి ఒక నిమిషం తిరిగి, తొవ్వ దొరికి ముందుకే పోతయి.

గోడ బయట నిలబడ్డ సామేలు ఉండలేకపోయిండు. ఏండ్ల సంది అవి బెదిరినప్పుడల్లా ఏ మాటతోని ఊకుంచిండో, అదే మాట నోట్లకెళ్లి వచ్చేసింది. "దా బిడ్డా, దా."

అంతే. మందంతా ఆ గొంతు దిక్కు ఉరికింది. గుడ్డను చింపుకుంట, ఒకదాని మీద ఒకటి పడుకుంట, సామేలు నిలబడ్డ కాడ గుడ్డ కట్టిన గుంజ మీదికే వచ్చినయి. గుంజ విరిగింది. కొన్ని బయటపడి మళ్లా వనంలకే పోయినయి. కొన్ని మెడలు విరిగి అక్కడనే పడ్డయి. లెక్క పెడితే తొమ్మిది. అండ్ల ఒకటి ఇంకా కొనఊపిరితో ఉండి సామేలు కాలి మీద తల పెట్టింది. పశువుల డాక్టర్ వచ్చేలోపు అది కూడ పోయింది.

పని ఆపేసినం. ఎక్కిన మొదటి లారీ దుప్పుల్నే పులుల అడవికి పంపినం.

పంచనామాల "చావుకు కారణం" అని ఒక గడి ఉంటది. సామేలు కింద కూసొని ఉన్నడు, తల ఎత్తలే.

"ఉన్నదున్నట్టు రాయుర్రి సారూ. బెదిరి సావలే. నమ్మి సచ్చినయి. నేనే సంపిన."

ఉన్నదున్నట్టు రాస్తే ముందు ఆయన నౌకరి పోతది. తర్వాత, గోడ కాడ మనిషిని నిలబెట్టింది ఎవరన్న ప్రశ్న వస్తది. "పట్టుబడి సమయంలో బెదురు" అని రాసి సంతకం పెట్టిన. డాక్టర్ కూడ కాదనలే. బీదోడిని కాపాడిన అని ఇంట్ల చెప్పుకున్న. నేను కాపాడుకున్నది నా పింఛనీని.

సామేలు మళ్లా డబ్బా ముట్టలే. అడిగి నర్సరీకి మారిండు. వనంల మిగిలిన దుప్పులు ఎవరు పిలిచినా రాకుంట అయినయి. మళ్లొక పర్మిషన్ రాలే, వచ్చినా అవి ఇగ బోమాలకు రావు. అడవిని తింటనే ఉన్నయి. జాలి కట్టిన ఆ చిన్న మడి ఒక్కటే పచ్చగ మిగిలింది.

రెండు నెలలకు ఆ పులుల అడవి బీట్ ఆఫీసర్ ఫోన్ చేసిండు. నవ్వుకుంట అడిగిండు. "మీ దుప్పులకు ఎవరు ట్రైనింగ్ ఇచ్చిండ్రు సార్? మా క్యాంపుల గిన్నెలు కడుగుతుంటే, బకెటు మోగితే సాలు, ఉరికొచ్చి నిలబడుతున్నయి." అటెనక నవ్వు ఆపి, క్యాంపు ముంగట ఉన్న కుంట కాడ పులి మరిగిందని చెప్పిండు. దానికి తిరిగే పని లేదట. గిన్నెలు మోగే దాక పండుకుంటదట. మీ లారీల వచ్చినయి ఇగ రెండో మూడో ఉన్నయి, వీటికి డబ్బా అలవాటున్నదని కాగితంల ఒక్క ముక్క రాసుంటే కొన్నాళ్లు వేరే కంచెల పెట్టి, మనిషి చప్పుడు మాన్పించి ఇడుద్దుము గదా సార్, అన్నడు.

ఆ ముక్క రాస్తే బోమా కాడ డబ్బా ఎందుకు మోగిందని అడుగుతరని నేను రాయలే.

నేను రిటైరైనంక కూడ బజార్ల కలిసినప్పుడల్లా సామేలు ఒక్కటే అడిగేటోడు, మనయి అక్కడ ఎట్లున్నయి సారూ అని. మంచిగున్నయి అనేటోన్ని.

ఈ పనిలకు కొత్తగ వచ్చేటోళ్లకు నేను చెప్పేది రెండే. మందను పట్టేనాడు మేత పెట్టే మనిషికి సెలవు ఇయ్యాలె. మందను పంపేటప్పుడు దాని అలవాటు కూడ కాగితం మీద రాసి పంపాలె. రెండూ నాకు అప్పుడే తెలుసు. సెలవు అడిగితే ఇయ్యలే. కాగితం చేతిల ఉంటే రాయలే.