తోమాసు ఫైలు హిందీ

మా సెక్షన్లో గుమాస్తా తోమాసుకు హిందీ పరీక్షలో మొదటి తరగతి వచ్చినట్టు ఒక సర్టిఫికెట్టు ఉంది. దానికి ఫ్రేము కట్టించి, దేశ రాజధానిలో మునిర్కా పేటలో తాను అద్దెకున్న వాటాలో యేసుప్రభువు పటం పక్కనే తగిలించాడు. కింది వాటా నాది. ఆ సర్టిఫికెట్టు తెచ్చిన తంటా అంతా నేను దగ్గరుండి చూశాను. కొంత నేనూ పడ్డాను.

2003లో అతని భార్య ఫ్లోరా గుడివాడ నుంచి వచ్చింది. అక్కడ మిషను ఆసుపత్రిలో ఏడేళ్లు నర్సుగా చేసిన మనిషి. పెళ్లయ్యాక మూడేళ్లు ఇద్దరిదీ రైలు కాపురమే, ఏడాదికి రెండుసార్లు చూసుకుంటే గొప్ప. చివరికి ఇక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో ఆవిడకు ఉద్యోగం దొరికింది. ఆ రోజు తోమాసు సెక్షనంతటికీ బర్ఫీ పంచాడు.

నెల తిరక్కుండానే ఫ్లోరా మొహంలో నవ్వు మాయమైంది. ఎవరో ముసలాయన "చక్కర్ ఆ రహా హై" అన్నాడట. కళ్లు తిరుగుతున్నాయని పాపం ఆయన గోల. ఈవిడకు అది చక్కెర అని వినపడింది. షుగరు రోగి కాబోలనుకుని ఆయన చేతిలో టీ గ్లాసు లాగేసుకుంది. హెడ్ నర్సు వార్డందరి ముందూ చీవాట్లు పెట్టింది. మర్నాటి నుంచి అక్కడ ఆవిడ పేరు చక్కర్ సిస్టర్.

"ఏడేళ్లలో నన్నొక్కరూ మాటనలేదండీ. ఇక్కడ ఊడ్చేవాళ్లు కూడా నవ్వుతున్నారు. నేను వెళ్లిపోతాను. గుడివాడలో నా పోస్టు ఇంకా ఖాళీగానే ఉందంట" అని ఇంగ్లీషులో రాజీనామా రాసి, తప్పులు చూడమని మొగుడి చేతిలో పెట్టింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

ఇంకో మొగుడైతే బతిమాలేవాడు, లేకపోతే అరిచేవాడు. నేనైతే రెండూ చేసేవాణ్ణి. తోమాసు దాన్ని రెండుసార్లు చదివాడు. ఒక స్పెల్లింగు దిద్దాడు. మార్జిన్లో 'ప్లీజ్ స్పీక్' అని రాసి, సంతకం పెట్టి, తిరిగి ఇచ్చేశాడు. మా ఆఫీసుల్లో పై అధికారి ఫైలును ఒప్పుకోకుండా, తోసెయ్యకుండా, ఒకసారి వచ్చి మాట్లాడమనడానికి రాసే మాట అది.

"ఏంటండీ ఈ పిచ్చి?" అంది ఫ్లోరా.

"మాట్లాడు, ఎంతసేపైనా వింటా. నెలాఖరు దాకా చూడు. అప్పటికీ వెళ్తానంటే టికెట్టు నేనే తీస్తా. పని చేతకాక పోతున్నాననుకుని మాత్రం పోవద్దు ఫ్లోరా. నీకు రానిది హిందీ, నర్సు పని కాదు."

మళ్లీ రైలు కాపురమంటే అతనికి ఎంత భయమో నాకు తెలుసు.

మర్నాటి సాయంత్రం నుంచి హిందీ క్లాసులు. పేషంటును నేను. "మూర్తిగారూ, మీరు పడుకుని మూలగండి చాలు" అన్నాడు. నాకు మోకాళ్ల నొప్పులు ఎలాగూ ఉన్నాయి కనుక మూలుగుకు లోటు రాలేదు. లోటంతా పాఠంలోనే. తోమాసు సర్కారీ ఫైళ్లలో హిందీ నేర్చిన మనిషి. కూరగాయల బండి దగ్గర బేరం కూడా ఆ హిందీలోనే ఆడతాడు.

"ఇది మనుషులు మాట్లాడేది కాదయ్యా" అని మొత్తుకున్నాను.

"గౌరవంగా ఉంటుందండీ" అన్నాడు.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులున్నాయనగా ఒక సాయంత్రం పైనుంచి నవ్వులు వినబడి మెట్లెక్కి వెళ్లాను. ఫ్లోరా యూనిఫాం కూడా మార్చుకోలేదు.

వార్డులో సర్కారీ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన ఒక బాబుగారు రెండు రోజులుగా ఎవరినీ సూది గుచ్చనివ్వడం లేదట. ఈవిడ ట్రే పట్టుకుని ఎదురుగా నిలబడి, మొగుడు నేర్పిన పాఠం అప్పజెప్పింది: "ఆప్‌కో సూచిత్ కియా జాతా హై కి ఆప్‌కా ఇంజెక్షన్ లంబిత్ హై." మీ ఇంజెక్షను పెండింగులో ఉన్నట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది, అని!

వార్డంతా ఘొల్లుమంది. బాబుగారు దగ్గొచ్చేదాకా నవ్వి, "స్వీకృత్" అని చెయ్యి చాపాడు. మంజూరు చేశాడన్నమాట. ఈవిడ సూది వేసి దూది అద్దుతుంటే ఆయన ఇంకా కళ్లు మూసుకునే ఉండి, "ఎప్పుడు వేస్తావమ్మా?" అని అడిగాడట. అయిపోయిందంటే నమ్మలేదు. పక్క మంచం ఆవిడ కూడా రేపటి నుంచి ఈ సిస్టరే కావాలందట.

"మీరు నేర్పింది మనుషుల భాష కాదంట! ఫైలు భాషంట! బాబూజీ రోజుకు నాలుగు మాటలు నేర్పుతానన్నారు" అంది ఫ్లోరా.

తోమాసు మొహం చిన్నబోయింది. సర్టిఫికెట్టు వైపు దిగాలుగా చూశాడు. అప్పుడావిడ రాజీనామా కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. 'ప్లీజ్ స్పీక్' కింద వంకర టింకర హిందీ అక్షరాలు: 'బాత్ హో గయా.' మాట్లాడడం అయిపోయిందని. ఇక రాజీనామా ఫైలు మూసేసినట్టే.

గయా కాదు, గయీ అనాలి. పక్కవాడి ఫైల్లో కామా పోయినా నిద్రపట్టని మనిషి తోమాసు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. నేను జేబులోంచి పెన్ను తీసి దిద్దబోతే, కాగితం లాక్కున్నాడు.