పెద్దమ్మ నమ్మే పుస్తకం

ఆ రోజుల్లో నాకు మాట్లాడటం కన్నా చదవడం తేలిక. (ఇప్పటికీ అంతే. కాకపోతే ఇప్పుడు నెలకింత జీతం వస్తోంది కాబట్టి దాన్ని ఎవరూ జబ్బు అనడం లేదు.) ఆ రోజులంటే మరీ వెనకటి కాలం అనుకోకండి. అందరి చేతుల్లో ఫోన్లు ఉన్న కాలమే. ఫార్మసీ చదువు పూర్తయి, ఉద్యోగం రాక, గాజువాకలో మా డాబా మీద బట్టలు ఆరేస్తూ, మధ్యమధ్య డైరీలో వాక్యాలు కూర్చుకుంటూ బతికేస్తున్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట, ఆ డైరీకి కూడా చెప్పనిది, ముందే చెప్పేస్తాను. మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు మంచి మందుల పుస్తకం ఒకటి ఎంచి పెట్టమని నాకు పని అప్పగించారు. అందరికీ పనికొచ్చేది కావాలన్నారు. నేను అందరి కోసం ఎంచలేదు. ఒక్క మనిషి నమ్మితే చాలని ఎంచాను. ఆ మనిషి మా పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెద్దనాన్న హార్బరులో పనిచేసి, రిటైరైన కొద్దికాలానికే పోయారు. ఆ తర్వాత పెద్దమ్మకు ఆదివారం కోసం ఎదురుచూడటానికి ఒకటే కారణం మిగిలింది, చర్చి వరండాలోని మందుల పెట్టె. మా సంఘంలో ఎవరింట్లోనైనా జబ్బు నయమైతే మిగిలిన మాత్రలు పారేయరు. కానుక సంచిలో వేసినంత భక్తిగా తెచ్చి ఆ పెట్టెలో వేస్తారు. మనిషి పోయిన ఇంటి నుంచి ఇంకా ఎక్కువ వస్తాయి. (జ్ఞాపకార్థ కూడికలో ఒక చేతిలో బిర్యానీ ప్లేటు, ఇంకో చేత్తో పోయినాయన మాత్రల సంచి అందించడం నేను కళ్ళారా చూశాను.) ఆరాధన అయ్యాక కావలసినవాళ్ళు వరసలో నిలబడితే, బొడ్లోంచి తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, పెద్దమ్మ పంచేది. అందరికీ అందాలని మాత్రల అట్టల్ని కత్తెరతో ముక్కలు చేసేది. ఆ ముక్కల మీద కంపెనీ పెట్టిన పేరు సగమో ముప్పాతికో మిగిలేది గానీ, లోపల ఉన్న మందేమిటో చెప్పే చిన్న అక్షరాలు కత్తెర పాలయ్యేవి. పెద్దమ్మకు ఆ అక్షరాలతో పని లేదు. ఆవిడకు రంగూ ఆకారమూ చాలు.

"ఏటే, నీరసమా? ఇదిగో, గులాబీది. పొద్దున్నొకటి ఏసుకో. నీకేటి, బీపీయా? తెల్లది, మధ్యన గీతున్నది. మరి నువ్వేటి అలాగ నిలబడిపోయావు?"

"మా ఆయనకి గ్యాసు, అక్కా."

"మీ ఆయనకి గ్యాసు కాదమ్మా, నోరు. దానికి నా కాడ మందు లేదు. ఇది పట్టుకెళ్ళు, నువ్వు ఏసుకో."

వరసంతా నవ్వేది. పెద్దమ్మ నవ్వేది కాదు. డాక్టర్లు నవ్వరు కదా. సంఘంలో సగం మంది ఆవిడను డాక్టరమ్మ అనే పిలిచేవారు.

అలాంటి పెద్దమ్మకు కళ్ళు తిరగడం మొదలైంది. కాళ్ళు వాచాయి. ఒకసారి వంటింట్లో పొయ్యి పక్కనే కూలబడింది. గిన్నెలో సాంబారు ఇటు కాకుండా అటు ఒలికింది కాబట్టి సరిపోయింది. రక్తం తక్కువని ఒకరు, దిష్టి అని పైకి అనలేక ఇంకో రకంగా అన్నవాళ్ళు ఒకరు, మేక లివరు వండి పంపినవాళ్ళు ఒకరు. నేను మాత్రం ఆవిడ పర్సులోకి చూశాను. పొద్దున బీపీకి డాక్టరు రాసిన మాత్ర ఒకటి. రాత్రికి చర్చి పెట్టెలోది ఇంకొకటి, పోయిన స్కూలు మాస్టారి ఇంటి నుంచి వచ్చినది, 'మంచి కంపెనీది' అని తనకు తనే రాసుకున్నది. దాని పేరు ఫోన్లో వెతికితే తెలిసింది, పేర్లే రెండు, మందు ఒకటే. రోజూ రెండింతలు మింగుతోంది మా డాక్టరమ్మ.

రెండురోజులు వాక్యం తయారుచేసుకుని వెళ్ళి చెప్పాను. "పెద్దమ్మా, ఇవి రెండూ ఒకటేనేమో..."

"ఏటి ఒకటే? అది తెలుపు, ఇది పసుపు. అది గుండ్రం, ఇది కోల. నీకు కళ్ళు కనిపిత్తన్నాయా?"

"ఫోన్లో చూశాను."

"ఫోన్లోనా! మొన్న ఆ ఫోన్లోనే బొప్పాయాకు తింటే మోకాళ్ళు కుర్రోళ్ళవయిపోతాయని వొచ్చింది. తిన్నాను. ఏటయ్యింది? నోరు చేదయ్యింది. అచ్చులో ఉంటే పట్టుకురా, నాను నమ్ముతాను. అచ్చేసినోడు ఊరికే ఎయ్యడు."

"పోనీ డాక్టరుగారికి రాత్రి మాత్ర సంగతి చెప్పావా?"

"ఆయన అడిగితే కదా సెప్పడానికి."

అమ్మతో చెబితే, "నిన్నగాక మొన్న సర్టిఫికెట్ తెచ్చుకుని, పెద్దదానికి నువ్వా చెప్పేది?" అని ఉల్లిపాయల బుట్ట నా ముందుకు తోసింది. ఉల్లిపాయలు తరుగుతూ ఆలోచించాను. ఏడవడానికి కారణం వేరే వెతుక్కోనక్కర్లేని పని అది. మొత్తం మీద తేలిందేమిటంటే, పెద్దమ్మకు డాక్టరు మీద గురి లేదు, నా మీద అసలే లేదు, అచ్చు మీద ఉంది. కాబట్టి అచ్చు తేవాలి. నోటితో అడిగే ధైర్యం లేక, సమాజానికి ఒక మందుల పుస్తకం కొందామని పాస్టరమ్మగారికి చీటీ రాసి, చేతులు కలిపేటప్పుడు ఆవిడ అరచేతిలో పెట్టి పారిపోయాను. ఆవిడకు నచ్చింది. పక్క సంఘం వాళ్ళు అప్పుడే జబ్బుపడ్డవాళ్ళ కోసం చక్రాల కుర్చీ కొన్నారు, అది ఇంకా బాగా నచ్చడానికి కారణం. అలా నన్నూ, నాకు తోడుగా రసీదు ఆంటీనీ పుస్తకం కొనడానికి పంపారు. (ఏది కొన్నా, చివరికి కొత్తిమీర కట్ట కొన్నా రసీదు అడుగుతుంది కాబట్టి ఆ పేరు.)

బస్సెక్కి వెళ్ళి, పెద్దాసుపత్రి దగ్గర వైద్యం పుస్తకాలమ్మే కొట్లో దిగబడ్డాం.

"ఎంబీబీఎస్సా అమ్మా, నర్సింగా?" అన్నాడు కొట్టాయన.

"స్త్రీల సమాజం," అంది రసీదు ఆంటీ.

ఆయన కాసేపు బీరువాల వంక చూసి, ఆ కోర్సుకి విడిగా పుస్తకం లేదని గ్రహించి, మందుల పుస్తకాలన్నీ తెచ్చి బల్ల మీద పడేశాడు. మొదటిది తలగడంత ఉంది. ఆంటీ ముఖం వెలిగిపోయింది. "ఇదిగో, ఇది పుస్తకమంటే! బల్ల మీద పెడితే కనిపిత్తాది." నేను లోపల అచ్చయిన సంవత్సరం చూశాను. నేను బడిలో ఉన్నప్పటిది. పెద్దమ్మ పసుపు మాత్ర పేరు అందులో ఎక్కడా లేదు. చెప్పాను. "మందులు కూడా పాతబడతాయేటి?" అని ఆశ్చర్యపోయింది ఆంటీ. రెండోది నున్నటి కాగితం, రంగురంగుల మాత్రల బొమ్మలు. కానీ అది ఒకే కంపెనీ వేసింది. ప్రతి మందూ దివ్యౌషధమే, ఎవరికీ ఏ హానీ చేయదు. పెళ్ళిసంబంధాల పుస్తకంలో అబ్బాయి వివరాల్లా లోపం అన్న మాటే లేదు. మూడోది సన్నగా, బూడిద రంగు అట్టతో, చూడగానే ఎవరికీ ఇవ్వాలనిపించనట్టు ఉంది. వెనక సూచికలో మందుల అసలు పేర్లూ, కంపెనీల పేర్లూ కలిపి వరసగా ఉన్నాయి. ఏది ఎవరికి పడదు, పెద్దవయసు వాళ్ళకి ఎంత, దేంతో ఏది కలపకూడదు, అన్నీ పొట్టి వాక్యాల్లో ఉన్నాయి. సంవత్సరం కొత్తదే. తెల్ల మాత్ర పేరు వెతికాను. పసుపు మాత్ర పేరు వెతికాను. రెండూ నన్ను తీసుకెళ్ళి ఒకే పేజీలో నిలబెట్టాయి. ఆ పేజీలో కాళ్ళ వాపు ఉంది. కళ్ళు తిరగడం ఉంది. పేరొక్కటి రాయలేదు గానీ, మా పెద్దమ్మ మొత్తం ఉంది.

"ఆంటీ, ఇదే."

"ఇదేటే ఇంత సన్నం! అక్షరాలు సీమల్లాగున్నాయి. ఆళ్ళు కుర్చీ కొన్నారు, మనం కరపత్రం కొన్నామంటారు."

"ఇదే, ఆంటీ," అన్నాను మళ్ళీ. నా దగ్గర ఆ ఏడాదికి అదే పెద్ద ఉపన్యాసం. కొట్టాయన జాలిపడి, "లావుది బీరువాలో పెట్టుకోడానికమ్మా, సన్నది తీసి చూసుకోడానికి," అన్నాడు. ఆంటీ రసీదు తీసుకుంది.

తిరుగు బస్సులో ధైర్యం కూడగట్టుకుని అడిగాను. "ఈ పూటకి పుస్తకం నా దగ్గర ఉంచుతారా? రేపు తెచ్చి ఇచ్చేస్తాను."

"ప్రార్థన అవకుండానా!" అంది ఆంటీ, నేనేదో ఎంగిలి చేస్తానన్నట్టు. నిజమే, మా దగ్గర చర్చి కోసం కొన్నది ఏదైనా సరే, ఫ్యానైనా, మైకైనా, టీ కెటిలైనా, ప్రార్థన చేసి ప్రతిష్ఠించే వరకూ ఎవరూ ముట్టరు. పుస్తకం దారంతో కట్టి సంచి అడుగున పెట్టేసింది. రెండోసారి అడిగేంత నోరు నాకు ఉంటే ఈ కథ రాయాల్సిన పనే ఉండేది కాదు.

స్త్రీల సమాజం కూడిక రోజున లేసు గుడ్డ మీద పుస్తకం పెట్టారు. పాస్టరమ్మగారు రాసినవారి కోసం, అచ్చేసినవారి కోసం, అమ్మినవారి కోసం కూడా ప్రార్థించారు. నా లెక్క ఒకటే, అది ముగియగానే పుస్తకం పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని, ఆ పేజీ తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి చూపించాలి. కానీ పాస్టరమ్మగారు, "ఎలా చూడాలో అందరికీ ఒకసారి చూపించమ్మా," అన్నారు. నేను లేసు గుడ్డ అంచులు సర్దుతూ నిలబడ్డాను. అప్పుడు పెద్దమ్మ లేచింది. బల్లల వీపులు పట్టుకుంటూ, కొంచెం తూలుతూ ముందుకు వచ్చి, పర్సులోంచి ఆ రెండు మాత్రల అట్టలూ తీసి నా ముందు పెట్టింది.

"నా మాత్రలతోనే మొదలెట్టు. మా గుంట సదువుతాది, అందరూ ఇనండి!"

నన్ను పరీక్షించడానికి కాదు, నలుగురిలో నన్ను నిలబెట్టడానికే లేచింది. అది ఆవిడ ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"ఇంటికొచ్చి చూపిస్తాను, పెద్దమ్మా," అన్నాను. నా గొంతు సంగతి మీకు తెలిసిందే. ఆ మాట నా దగ్గర బయలుదేరి లేసు గుడ్డ దాకా కూడా వెళ్ళలేదు.

"గట్టిగా సదువే, ఇనపడతల్లేదు!" అని వెనక బల్ల నుంచి ఎవరో.

"సదువమ్మా, బయమేటి," అంది పెద్దమ్మ.

చదివాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గట్టిగా మాట్లాడాను. "ఈ రెండు పేర్లూ ఒకే మందువి. రెండూ కలిపి వేసుకోకూడదు. ఎక్కువైతే కాళ్ళు వాస్తాయి, కళ్ళు తిరుగుతాయి, పడిపోవచ్చు. డాక్టరుకి చూపించాలి."

హాలంతా పెద్దమ్మ కాళ్ళ వంక చూసింది. చెప్పు పట్టీలు వాచిన పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి. ముందు నవ్వింది రసీదు ఆంటీ. "ఒలమ్మో, డాక్టరమ్మే డబల్ డోసేసుకుంతందా!" ఆ నవ్వు బల్ల నుంచి బల్లకి పాకింది. నవ్వైనా బాగుండేది. అది ఆగాక, ఒక్కొక్కరే పర్సులు తెరిచి, పెద్దమ్మ కత్తిరించి ఇచ్చిన ముక్కల్ని వెలుతురుకి ఎత్తి చూడటం మొదలెట్టారు. "నాకిచ్చిందేటో?" "మా ఆయనకిచ్చింది సూడవే ఒకసారి." "మా అత్తకి ఇచ్చిందో?" పాస్టరమ్మగారు మెల్లగా, పెట్టె కొన్నాళ్ళు మూసేద్దామన్నారు. పెద్దమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి పుస్తకం మీద పెట్టింది. అందరికన్నా ఆఖరున తనూ నవ్వింది.

మర్నాడు అమ్మ తీసుకెళ్తే డాక్టరు ఒక మాత్ర మాన్పించారు. వాపు దిగింది, కళ్ళు తిరగడం పోయింది. పుస్తకానికి జయం. దాన్ని దుమ్ము పట్టకుండా గుడ్డ చుట్టి, ప్రభువు బల్ల రోజు రొట్టె, ద్రాక్షరసం పెట్టే గిన్నెలున్న బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంతవరకూ ఇంకెవరూ తెరవలేదు. మందుల పెట్టెలో ఇప్పుడు క్రిస్మస్ నక్షత్రం దీపాల తీగలు ఉంటాయి. పెద్దమ్మ ఆనందపురంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయి అక్కడి చర్చికే వెళ్తోంది. చుట్టాల పెళ్ళిళ్ళలో కనిపిస్తుంది. ఏ బల్లా పట్టుకోకుండా, గట్టి అడుగులు వేసుకుంటూ, అమ్మతో మాట్లాడి, మా తమ్ముడి బుగ్గ గిల్లి, నన్ను దాటి వెళ్ళిపోతుంది. ఆ నడక చూసి ఫార్మసిస్టుగా మురిసిపోతాను. నాలోని మిగతా మనిషికి ఆ పూట అన్నం సయించదు.

ఇప్పుడు నేను ఒక ఆసుపత్రి మందుల కిటికీ వెనక కూర్చుంటాను. నాకు మైకు కూడా ఇచ్చారు. ఎవరైనా ఒకే మందు రెండు పేర్లతో మింగుతుంటే, మైకు ఆపేసి, ఇలా దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో చెప్పినట్టు చెబుతాను. పాపం సిగ్గు ఆ అమ్మాయికి అని నవ్వుకుంటారు మా ఆసుపత్రి వాళ్ళు. డాబా మీద బట్టలు ఆరేసుకుంటూ, నిజం అచ్చులో దొరికితే చాలు, ఇక ఎవరికీ ఏ నొప్పీ ఉండదనుకున్న ఆ పిల్లను తలుచుకుని నేనూ వాళ్ళతో నవ్వుతాను.

ఆ కూడిక అయ్యాక చర్చి మెట్ల దగ్గర పెద్దమ్మకు చెయ్యి అందించాను. కాదనలేదు. నా చెయ్యి పట్టుకునే ఆఖరి మెట్టు దాకా దిగింది. దిగాక వదిలేసి, పైట సర్దుకుని, కోపమేమీ లేకుండా అంది.

"పుస్తకం మంచిదే తెచ్చావమ్మా. మా ఇంటికొచ్చి సదివుంటే సరిపోయేది."