పిన్ని పాటలో మూడో చరణం

మొన్న రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కునుకు తీస్తున్న నేను, నేనడగని పాటొకటి దానంతటదే మొదలయ్యేసరికి ఉలిక్కిపడి లేచాను, ఎందుకంటే అది మా పిన్ని పాట. ఫోన్లో చూస్తే రచన, స్వరం, గానం అన్నీ ఎవరో కోటు వేసుకున్న కుర్రాడివట! ఒళ్లు మండిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దలు?

ఈ ఫోన్ పాటల పిచ్చి నాకు ఈనాటిది కాదు. నర్సుగా ఊరూరా తిరిగే రోజుల్లో మా తమ్ముడు మస్కట్ నుంచి ఓ ఫోన్ తెచ్చిచ్చాడు. టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని సఖినేటిపల్లి రేవులో పంటు పడవ ఎక్కి ఫోన్లో పాట నొక్కితే, గోదావరి దాటి అవతలి ఒడ్డుకి చేరేసరికి ఒక్క పాట దిగేది, నడి ఏట్లో సిగ్నల్ పోయిందా, మళ్లీ మొదటికే. అయినా ఎంత సంబరం! రేడియోకి ఉత్తరం రాసి నచ్చిన పాట కోసం వారాల తరబడి చెవులు అప్పగించి కూర్చున్న తరం కదండీ మనది, నడిచే దారిలోనే ఎక్కడెక్కడి గొంతులో వచ్చి చెవిలో పాడుతుంటే నాకు కాళ్ల నొప్పులే తెలిసేవి కావు.

ఇన్ని విన్నా పిన్ని పాటకి సాటొచ్చేది నాకు తగల్లేదు. పిన్నికి చదువు రాదు, ఊడ్పుల్లో నాట్లు వేస్తూ నాలుగు చరణాలు కట్టింది. మూడో చరణంలో, ఆసామి గొడుగేసుకుని గట్టు మీద నిలబడతాడు, నువ్వు మటుకు నిలబడకు ప్రభువా, మాతోపాటు బురదలోకి దిగు అని ఉంటుంది. ప్రభువుని అలా పిలవడమేమిటి, ఆ చరణం మానెయ్యమని చర్చి పెద్దలు ఒకప్పుడు అన్నారు. పిన్ని ఏమీ వాదించలేదు, అది మానేస్తే పాటే మానేస్తానంది, అంతే. పెద్దలే తగ్గారు.

నాలుగేళ్ల కిందట నేనే ఆ పాట పాడించి, ఫోన్లో రికార్డు చేసి, మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ‘మా పిన్నిగారు కట్టిన పాట’ అని రాశాను. పేరు రాయలేదు. మా ఇళ్లలో పెద్దవాళ్లని పేరు పెట్టి అనడం ఎక్కడుంది? పైగా మా సంఘంలో నా పిన్ని ఎవరో తెలియనిదెవరికి?

అమలాపురంలో దిగీ దిగగానే, పాట కింద ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసి ఆ కుర్రాణ్ని కడిగేశాను. వాడు ఎంత మర్యాదగా మాట్లాడాడంటే నా కోపం రెట్టింపయింది.

“ఆయ్, మాకు ఫార్వర్డ్‌లో వచ్చిందండి. ఎవరి పేరూ లేదు కదండీ, ఎవరిదీ కాదనుకున్నామండి. మూడో చరణం వినేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుందని తీసేసేమండి. కావాలంటే అమ్మగారి పేరు ఇప్పుడు వేసేస్తామండి.”

ఎవరిదీ కాకపోతే నీదెలా అయిందిరా అని అరిచాను గానీ, ఫోన్ పెట్టేశాక నన్ను నేనే తిట్టుకున్నాను. పేరు రాస్తే నా చేతులు పడిపోయేవా?

వచ్చిన పని మానేసి, తిరుగు బస్సెక్కి తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్లాను. జరిగిందంతా చెప్పి, నీ పేరు వేయిస్తాను చూడు అని ఇయర్‌ఫోన్లు ఆవిడ చెవుల్లో పెట్టాను. పిన్ని మోకాలి మీద తాళం వేస్తూ, కుర్రాడి గొంతు బాగుందే అని మెచ్చుకుంది కూడాను. రెండో చరణం అయ్యాక చెయ్యి ఆగిపోయింది.

“మూడోది ఏదే?”

“తీసేసేరు పిన్నీ.”

పిన్ని ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టేసింది.

“అయితే ఇది నాది కాదులేవే. నా పేరు రాయించకు.”

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. ఒకప్పుడు ఆ పాట ఎవరి పేరూ లేకుండానే ఆడవాళ్ల నోళ్ల మీదుగా చేను నుంచి చేనుకి వెళ్లింది, అయినా దారిలో ఎవరూ ఒక్క మాట తియ్యలేదు, పాడే ప్రతి మనిషికీ నడుం నొప్పే కదా! ఇప్పుడు అదే పాటని ముక్కూ మొహం తెలియనివాళ్లు బస్సుల్లో, కార్లలో వింటూ, హాయిగా నిద్రపడుతోందని కింద రాస్తున్నారు. నా ఫోన్లో దానంతటదే మళ్లీ వస్తూనే ఉంది, వచ్చినప్పుడల్లా రెండో చరణం తరవాత నేను ఆపేస్తున్నాను.