రొట్టె బండ మీద థేన్ మాస్టారు

ముందు ఈల వినిపించింది. మూడుసార్లు మోగి, కాస్త ఆగి, మళ్లీ మూడుసార్లు. ఎర్ర ఇసుకరాతి గోడలు ఆ శబ్దాన్ని ఒకదాని నుంచి ఒకటి అందుకుని పొద్దుటెండలోకి వదిలేస్తున్నాయి.

కారులోంచి కుక్కను దింపుతున్న లారే తలెత్తింది. మూడు ఈలలంటే ఎవరో ఆపదలో ఉన్నట్టు. ఎడారి ఊరు కనాబ్ చివర, పెట్రోలు బంకు వెనక మొదలయ్యే ఈ బాటలో ఆపదేమిటి? తల్లులు పిల్లల్ని చంకనేసుకుని చుట్టివచ్చే బాట ఇది.

మలుపు తిరగ్గానే, పొంగిన రొట్టెలా ఉండే రొట్టె బండ కనిపించింది. రెండు నిలువుల ఎత్తయినా ఉండదు. దాని మీద, ఒళ్లో టోపీ పెట్టుకుని, ఆకాశంలో ఎవరో మరిచిపోయిన సామానులా థేన్ మాస్టారు.

బడిలో లారేకి వడ్రంగం నేర్పింది ఆయనే. కొండల్లో చిక్కుకున్నవాళ్లను దించే బృందంలోకి తెచ్చి, తాళ్లు ముడివేయడం నేర్పిందీ ఆయనే. ఇప్పుడు ఆ బృందానికి ఆమె నాయకురాలు. ఆయనకు డెబ్బై దాటాయి, మోకాలికి ఆపరేషనయింది. ఆయన్ని ఉంచాలా, పంపేయాలా తేల్చే పరీక్ష ఆ సాయంత్రమే. పెట్టాల్సింది లారే.

"మాస్టారూ! అక్కడేం చేస్తున్నారు?"

"వాన కోసం చూస్తున్నా."

"ఎలా ఎక్కారసలు?"

"మోకాలు ఎలా ఉందో చూద్దామని నడకకొచ్చా. గాలికి టోపీ ఎగిరి ఇక్కడ పడింది. దాని వెనకే నేనూ వచ్చా. టోపీ నాకంటే తెలివైంది, కిందికి మోయడానికి మనిషిని పిలిపించుకుంది."

"దిగే దారి చూసుకోకుండా ఎక్కొద్దని ఊరందరికీ చెప్పేది మీరేగా?"

"చెప్పినవాణ్ణి పైనున్నా. విన్నదానివి కిందున్నావు. పాఠం బాగానే చెప్పినట్టున్నా."

"నడుముకి బృందం రేడియో ఉందిగా?"

"దాంట్లో పిలిస్తే ఊరంతా వింటుంది. ఈలయితే గాలి ఒక్కటే వింటుందనుకున్నా."

లారే అటూ ఇటూ చూసింది. బాటలో ఎవరూ లేరు.

"నేనేం చూడలేదు మాస్టారూ. దింపుతా, ఇంటికెళ్లిపోండి. సాయంత్రం పరీక్షకి రండి."

ఆయన నడుముకున్న రేడియో మీద చెయ్యి వేశారు.

"ఈల ఊదకుండా జారిపోదామనే చూశా, అమ్మాయ్. కానీ పడితే మోయాల్సింది మీరే. నా బరువు నాకు తెలుసు." రేడియో విప్పి టోపీలో పెట్టి, బూటు తాడు కట్టి మెల్లగా కిందికి వదిలారు. "ముందు దీన్ని దించు. బృందం రేడియో ఇక నా దగ్గర ఉండకూడదు. నీ పరీక్ష అయిపోయింది."

లారే దాన్ని రెండు చేతులతో అందుకుంది. ఒకప్పుడు ఆయన తనకు చెప్పిన మాటలే అప్పజెప్పింది: "లోయవైపు తిరగండి. పిరుదులు ఆనించండి. పాదం మొత్తం మోపండి. రాయిని నమ్మండి."

"రాయిని నమ్మొచ్చు. ప్యాంటుని నమ్మలేకపోతున్నా."

ఆయన కిందికి చేరేసరికి ప్యాంటు వెనకభాగం సగం బండకే అంటుకుపోయింది. చొక్కా విప్పి నడుముకు చుట్టుకుని, రాజుగారిలా ఊళ్లోకి నడిచారు.

దించినందుకు, దిగినవాళ్లు బృందానికి పీచ్ పళ్లు కూరి కాల్చే 'పై' అనే తీపిరొట్టె చేసిపెట్టాలన్నది ఆయనే పెట్టిన నియమం. భార్య ఆర్విల్లా పొయ్యి దగ్గరికే రానంది. "ఎక్కింది నువ్వు. పిండి పిసికేదీ నువ్వేనయ్యా." సాయంత్రం ఒకవైపు మాడిన 'పై' వచ్చింది. మాడినవైపు ముక్క లారే తీసుకుంది.

ఇప్పుడు శనివారం పొద్దున్నే బాట మొదట్లో మడతకుర్చీ వేసుకుని కూర్చుంటారాయన. నీళ్లు చాలినన్ని ఉన్నాయో లేదోనని వచ్చేపోయేవాళ్లను సీసాలు చూపించమంటారు, ఆ బండకేసి వేలు చూపించి తన కథ చెబుతారు. దీన్ని రాసి అచ్చుకిస్తున్నానని నేను చెబితే, రొట్టె బండకేసి ఓసారి చూసి గొంతు తగ్గించారు.

"అంతా ఉన్నదున్నట్టే రాయండి. బండకి మాత్రం ఇంకో నిలువు ఎత్తు కలపండి."