ఉప్పు చేలో రూడీ దొరగారి మోకాలు

మా చిన్నప్పుడు, ఉప్పెన వెళ్ళిన మరుసటి ఏడు, మా దివిసీమలో చాలా చేలకు నాట్లు పడలేదు. సముద్రం తెచ్చిన ఉప్పు మట్టిలోనే ఉండిపోయింది. ఎండకి నేలంతా తెల్లగా పొంగేది. పెద్దవాళ్ళకు ఆ చేలవైపు చూడాలంటేనే దిగులు. పిల్లలం మాత్రం పొద్దుగూకేదాకా అందులోనే... ఎందుకంటే రూడీ దొరగారు మాకు ఫుట్‌బాల్ నేర్పేది అక్కడే!

ఆయనది స్విట్జర్లాండ్. కోడూరు దగ్గర మా ఊళ్ళో ఇళ్ళు కట్టడానికి వచ్చినవాళ్ళలో ఒకరు. పగలంతా ఇటుకలు మోసేవారు, సాయంత్రం బంతి తీసేవారు. ఇళ్ళ కోసం తెచ్చిన సరుగుడు బాదులు రెండు పాతితే అదే మా గోలు. ఒకప్పుడు వాళ్ళ దేశంలో ఆయన జీతానికి ఆడేవారని డ్రిల్లు మాస్టారు ఏసురత్నం గారు చెబితే, మా అమ్మ ముక్కున వేలేసుకుంది.

"బంతి తన్నితే జీతమా? ఏవండీ మాస్టారూ, మావాడు పొద్దస్తమానం తంతానే ఉన్నాడు. వీడికెవరిస్తారండీ?"

"ముందు ఎక్కాలు నేర్చుకోమనమ్మా."

పక్క ఊరి పిల్లలతో మ్యాచ్ కుదిరింది. ఇంకా మూడు రోజులుందనగా, ఉప్పెన తెచ్చి పడేసిన గుల్ల ఒకటి నా అరికాల్ని చీరేసింది. చెబితే ఆడనివ్వరు కదా... పోపుల డబ్బాలో పసుపు దొంగిలించి అద్దాను. నాన్న పాత పంచె పీలిక కట్టాను. అది కనపడకుండా పైన బురద పూశాను. అడుగు వేస్తే చాలు, ఉప్పు లోపలికి దిగి ప్రాణం జివ్వుమనేది. అమ్మ ఎక్కడ చూస్తుందోనని కాళ్ళు మడుచుకుని కూర్చునేవాణ్ణి. మూడు రోజులూ అన్నం సయించలేదు.

మ్యాచ్ రోజు రానే వచ్చింది. రూడీ దొరగారు పిల్లల మొహాలు చూడరు, కాళ్ళు చూస్తారు. నన్ను పిలిచి, నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని, పీలిక విప్పారు. మాస్టారితో ఏదో ఒక్క మాట అన్నారు.

"నిన్ను గట్టు మీద కూర్చోమంటున్నార్రా."

"నొప్పి లేదండీ! ఒట్టండీ! కావాలంటే గెంతుతాను చూడండీ!"

గెంతాను... కళ్ళల్లో నీళ్ళు దూకాయి. ఇంక చెప్పేదేముంది, కూర్చోబెట్టేశారు.

ఆట సగంలో దొరగారు వచ్చి నా పక్కన కూలబడి, ప్యాంటు పైకి మడిచారు. అమ్మో... ఆ మోకాలు! చిరిగిన గోనెసంచి కుట్టినట్టు అడ్డదిడ్డంగా కుట్లు. ఆయన చెబుతుంటే మాస్టారు తెలుగులో చెప్పారు. పదిహేడేళ్ళకే పెద్ద క్లబ్బువాళ్ళు తీసుకున్నారట. జనం ఆయన పేరు పెట్టి అరిచేవారట. ఇరవై మూడో ఏట ఒక పెద్ద మ్యాచ్‌కి ముందు మోకాలు కలుక్కుమందట. చెబితే కూర్చోబెడతారని ఎవరికీ చెప్పలేదట. ఆ మ్యాచ్ ఆడారు, గెలిచారు కూడా. ఆయన ఆడిన ఆఖరి మ్యాచ్ అదే.

"ఏడవకురా. నీకంటే ఆయన ఎక్కువ ఏడ్చారంట," అన్నారు మాస్టారు.

ఆ రోజు నేను లేకుండానే మావాళ్ళు గెలిచారు. నిజం చెప్పొద్దూ... కాలి మంట కంటే అదే ఎక్కువ మంట!

ఏడో తరగతితో నా చదువు ఆగింది. గుడివాడ రైస్ మిల్లులో పనికి కుదిరాను. పెళ్ళైన పదిహేనేళ్ళకి దేవుడు మాకు దీవెననిచ్చాడు. నా బంగారు తల్లి నడక కంటే ముందు తన్నడం నేర్చింది! ఇప్పుడు ఆడపిల్లలకీ జీతమిచ్చి ఆడించే క్లబ్బులున్నాయండీ. నాలుగు నెలల కిందట ఒక క్లబ్బు సెలక్షన్స్ అన్నారు.

ఇంకా నాలుగు రోజులుందనగా, మా అమ్మాయి మేడ మెట్లు దిగుతోంది. గోడ పట్టుకుని... ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి... ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"మోకాలా అమ్మలూ?"

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను. కోచ్ మేడంకి చెప్పకు. పట్టీ వేసుకుని ఆడేస్తా. ఇది పోతే మళ్ళీ రాదు."

రెండు రోజులు నోట్లో ముద్ద దిగలేదు. చెబితే దాని కల నేనే తుంచినట్టు. చెప్పకపోతే... కళ్ళు మూసుకుంటే ఆ కుట్లే. మూడో రోజు ఫోన్ తీసుకుని కోచ్ మేడంకి చెప్పేశాను.

సెలక్షన్స్ మా అమ్మాయి లేకుండానే అయిపోయాయి. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను కలిపిన ముద్దే తినే పిల్ల, కంచం తీసుకుని అవతల గదిలోకి వెళ్ళేది. తప్పు చేశానా అని పొద్దున్నే ఆ గది తలుపు ముందు నిలబడేవాణ్ణి, తట్టడానికి చెయ్యి వచ్చేది కాదు.

డాక్టర్ గారు కట్టు కట్టి విశ్రాంతి అన్నారు. నొప్పి తగ్గాక కోచ్ మేడమే క్లబ్బువాళ్ళను బతిమాలి ఇంకోసారి చూడమన్నారు. చూశారు. తీసుకున్నారండీ! మా వీధిలో ప్రతి ఇంటికీ నేనే వెళ్ళి బందరు లడ్డు పంచాను!

కానీ అసలు సంతోషం అది కాదు. నిన్న ప్రాక్టీసు నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. మామూలు కబుర్ల మధ్యలో...

"నాన్నా, ఇవాళ మోకాలు కొంచెం లాగింది."

ఫోన్ పట్టుకుని మిల్లు బయటికి వచ్చేశాను.

"కంగారు పడకు. మేడంకి ముందే చెప్పాను. శనివారం మ్యాచ్‌లో నన్ను ఆడించట్లేదు. పర్లేదులే."

ఆ 'పర్లేదులే' విని మిల్లు బయట నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అయినా శనివారం దాకా భయమే... ఆ తర్వాతా భయమే... తండ్రిని కదా.

మేం ఆడిన ఉప్పు చేలో ఇప్పుడు రొయ్యల చెరువు. మాస్టారు లేరు. రూడీ దొరగారు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో. ఉంటే ఒక్క మాట చెప్పాలని ఉంది... మీ మోకాలు మా పిల్లకి పనికొచ్చిందండీ, అని.

మీరూ చిన్నప్పుడు అమ్మకు తెలియకుండా దాచిన దెబ్బ ఏదైనా ఉంటే, ఇప్పుడన్నా ఇక్కడ చెప్పండి... ఇప్పుడు తిట్టేవాళ్ళు కూడా లేరు కదా.