సిస్టరమ్మ మీద రాసిన అబద్ధం

పోయిన మంగళవారం మా సిస్టరమ్మ చనిపోయింది. ఎర్రుపాలెం నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అక్క పొద్దున లేవలేదమ్మా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఆమెను అక్కడికి తోలిన మనిషి ముఖమే ముందు గుర్తొచ్చింది.

సారపాక అవతల అడవి ఊళ్లలో ఆమె ఇరవై ఏళ్లు నర్సుగా తిరిగింది. నేను ఏఎన్ఎంగా కొత్తగా చేరింది ఆమె కిందనే. చలిజ్వరం వచ్చినవాళ్ల వేలు పొడిచి రక్తం తీసేది, గోలీలు తన ఎదురుగానే మింగించేది. ఆ తర్వాత ఊరి మంత్రసానిని పిలిచి, ఒళ్లు నొప్పులకు ఇప్పనూనె రాయమనేది. బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయిస్తే కాదనేది కాదు. పసిపిల్లల కడుపు మీద వాతలు పెట్టబోతే మాత్రం కడ్డీ గుంజుకుని వాగులో పారేసేది.

"వాళ్ల నూనెను ఎక్కిరిస్తే మన గోలీని ఎవరు నమ్ముతరే పిల్లా?" అనేది.

ఒక వానాకాలం, కాన్పుకు నెలలు నిండిన ఒక పిల్లకు కాళ్లు వాచి బీపీ బాగా పెరిగింది. చూసిన వెంటనే సిస్టరమ్మ నన్ను దవాఖానాకు ఉరికించింది, జీపు కోసం. జీపు లేదు. మా డాక్టరు దాంట్లో ఇంటివాళ్లను ఎక్కించుకుని వైరా చెరువు చూడ్డానికి పోయిండు. మంచం మీద మోసి రోడ్డెక్కించేసరికి ఆ పిల్లకు ఫిట్స్ వచ్చాయి. భద్రాచలం చేరకముందే ప్రాణం పోయింది.

నర్సు ఆకువైద్యం చేస్తూ కేసు ఆలస్యం చేసిందని మర్నాడు డాక్టరు రిపోర్టు రాసిండు. సాక్ష్యానికి ఇప్పనూనె సీసా టేబుల్ మీద పెట్టిండు. "సంతకం పెట్టు. లేకుంటే నీ నౌకరి కూడా పోతది" అన్నడు నాతోని. సిస్టరమ్మ ఎదురుగా నిలబడి చూస్తుండగానే పెట్టాను.

ఆమెను సస్పెండ్ చేసి, తర్వాత ఎర్రుపాలెం వేసిండ్రు. అక్కడ ముసలమ్మలు మోకాళ్లకు ఏం రాసుకోవాలని అడిగితే "నాకు తెల్వదమ్మా" అనేదట. ఆ మాట విన్నరోజు నాకు అన్నం దిగలేదు.

సమాచార హక్కు చట్టం వచ్చినంక జీపు లాగ్‌బుక్ నకలు తీయించాను. ఆ తేదీ ఎదురుగా డ్రైవర్ రాత: "వైరా, డాక్టరు గారి కుటుంబం." పైకి పంపితే జవాబు రాలేదు. సిస్టరమ్మకు ఇయ్యబోతే తీసుకోలేదు. "నాకు తెలిసిందే కదనే. తెల్వనోళ్లకు చెప్పు" అంది. అని నాకు చాయ్ పెట్టింది.

మట్టి చేసే రోజు ఆ డాక్టరు భార్యతో కార్లో వచ్చిండు, చేతిలో పూలదండతో. పాస్టర్ గారు క్షమించడం గురించి వాక్యం చదివారు. ఆయన ముగించాక నేను లేచి ఆ లాగ్‌బుక్ కాగితం చదివాను. చనిపోయిన పిల్ల పేరు చెప్పాను. నా సంతకం సంగతీ దాచలేదు.

"ఏందమ్మా గిట్ల, శవం ముందర?" అన్నడు డాక్టరు.

"అవ్. ఆమె ముందరనే కదా మీరు నాతోని అబద్ధానికి సంతకం పెట్టించింది."

అతని భార్య అతని వైపు తిరిగింది. "మనం వైరా పోయిన రోజేనా? జీపు ఖాళీగనే ఉందంటివి గదా?"

అతను చేతిలో దండ సర్దుకున్నడు. నా కడుపు చల్లబడింది. పాపమే కావచ్చు. క్షమించలేనని పాస్టర్ గారితో చెప్పేశాను, అతన్నీ, నన్నూ.

సమాధుల దగ్గరి నుంచి వస్తుంటే చూశాను. డాక్టరు భార్య కారెక్కలేదు. కొంగు తల మీదికి లాక్కుని, ఎండలో బస్సు రోడ్డు వైపు నడుస్తోంది. హారన్ కూడా కొట్టకుండా కారు ఆమె వెనకాలే మెల్లగా పోతోంది.